ఒక కంట్లో మూడు దూరాలు

శుక్లాల ఆపరేషన్‌కి ఒప్పుకోవడం ఇప్పుడు ఎవరికీ పెద్ద విషయం కాదు. కోరుకొండలోనైనా గోకవరంలోనైనా అరవై దాటినవాళ్లు నలుగురు కూర్చుంటే "ఒక కంటికి అయిపోయిందండి, రెండోది పండగ వెళ్లాక" అనే మాట ఒకటైనా వినపడుతుంది. చిక్కంతా రాజమహేంద్రవరంలో ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే రోజున, కౌన్సెలర్ బల్ల దగ్గర మొదలవుతుంది. మామూలు లెన్స్ ఇంత, మధ్యరకం ఇంత, కళ్లజోడు అక్కర్లేని మల్టీఫోకల్ ఇంత అని ఒక కాగితం ముందు పెడతారు. మొదటి అంకెకీ చివరి అంకెకీ తేడా పదుల వేలు. రెండు కళ్లకీ లెక్కేస్తే చిన్న రైతుకి ఒక దాళ్వా మీద మిగిలేదంతా అందులోనే పోతుంది. పెద్దాయన కొడుకు మొహం చూస్తాడు. కొడుకు "ఖరీదుదే వేసేయండి, నాన్నగారికి మళ్లీ ఇబ్బంది ఉండకూడదు" అంటాడు.

కొడుకు ప్రేమలో లోపం లేదు. కానీ ఆ కాగితం మీద ధర వరస ఉందే తప్ప చూపు వరస లేదు. ఖరీదైన లెన్స్ వల్ల కొందరికి నిజంగానే జీవితం తేలికవుతుంది, కొందరికి రాత్రి చూపు బరువవుతుంది. ఎవరికి ఏది అన్న దాని మీద నలభై ఏళ్లకు దగ్గరగా పరిశోధన పోగైంది. అది తేల్చినదాన్ని మన ఊళ్ల పనులకీ దారులకీ అన్వయించి చూడాల్సిన సమయం వచ్చింది.

పుట్టుకతో వచ్చిన కటకం మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువు చూడాల్సి వస్తే ఉబ్బుతుంది, దూరానికి పలచబడుతుంది. నలభై దాటేసరికి గట్టిపడి ఆ సాగుడు పోతుంది. సూదిలో దారం ఎక్కదు, పేపరు చేయి చాచి చదవాల్సి వస్తుంది. అదే చత్వారం. ఇంకొన్నేళ్లకు అదే కటకం మసకబారితే శుక్లం. ఆపరేషన్‌లో ఆ మసక కటకాన్ని తీసేసి, దాని సంచిలోనే కృత్రిమ లెన్స్ పెడతారు. ఈ లెన్స్ ఉబ్బదు, పలచబడదు. మామూలు లెన్స్, అంటే మోనోఫోకల్, ఒకే దూరానికి స్పష్టత ఇస్తుంది. సాధారణంగా దూరపు చూపుకి కుదిర్చి పెడతారు గనక చదవడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి జోడు కావాలి. ఆ జోడు కూడా వదిలించాలన్న కోరిక నుంచి పుట్టిందే మల్టీఫోకల్.

లెన్స్ అసలు పెట్టడమే ఒకప్పుడు దుస్సాహసం. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి ఆ పని చేశాడు. యుద్ధంలో విమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్లలో దూరిన ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ల తరబడి లోపలే ఉన్నా కన్ను వాచిపోలేదని గమనించి, అదే పదార్థంతో లెన్స్ చేయించాడు. తోటి వైద్యులు దశాబ్దాల పాటు ఆయన్ని తప్పుపట్టారు. మన దగ్గర చాలాకాలం వరకూ బళ్లల్లో, సత్రాల్లో పెట్టిన కంటి శిబిరాల్లో కటకం తీసేసి పంపడమే ఆపరేషన్. ఆ తరం పెద్దవాళ్ల ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. అవి జారితే లోకమంతా మసకే. 1967లో అమెరికాలో ఛార్లెస్ కెల్మన్, పళ్ల డాక్టరు వాడే అల్ట్రాసౌండ్ పనిముట్టు చూసి వచ్చిన ఆలోచనతో, కటకాన్ని లోపలే నలిపి పీల్చే ఫేకో పద్ధతి కనిపెట్టాడు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో ఆరోలాబ్ పెట్టి లెన్స్‌ని సొంతంగా తయారుచేయడంతో వంద డాలర్ల వస్తువు పది డాలర్లలోపుకి దిగింది. ఇవాళ ఉచిత శిబిరంలో కూడా లెన్స్ లేకుండా ఎవరినీ పంపకపోవడానికి ఆ ధర పడిపోవడమే పెద్ద కారణం.

ఇక మల్టీఫోకల్ కథ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో మొదటి మల్టీఫోకల్ అర్రేకి అనుమతి ఇచ్చింది. 2005లో రీస్టోర్, 2016లో సింఫనీ, 2019లో పాన్ఆప్టిక్స్ వచ్చాయి. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో బైఫోకల్, ట్రైఫోకల్, ఈడాఫ్ అని వినిపించే పేర్లన్నీ ఈ వంశానివే. వీటిలో ఎక్కువ వాటి పనితీరు ఒకటే: లెన్స్ మీద కంటికి కనపడనంత సన్నటి వలయాల మెట్లు చెక్కి ఉంటాయి. లోపలికి వచ్చే వెలుతురుని అవి విడగొట్టి కొంత దూరానికి, కొంత దగ్గరికి, ట్రైఫోకల్ అయితే కొంత మధ్య దూరానికి మళ్లిస్తాయి. కాలవ నీరు ఒక బోదెకి కాకుండా మూడు బోదెలకి మళ్లిస్తే ఏమవుతుందో గోదావరి రైతుకి చెప్పనక్కర్లేదు: మూడు చేలూ తడుస్తాయి, ఏ చేలోనూ మునుపటంత నీరు నిలవదు. సమానంగా పంచే బైఫోకల్‌లో దూరానికి దాదాపు 41 శాతం, దగ్గరికి 41 శాతం వెళ్లి, మిగిలిన 18 శాతం ఎటూ పనికిరాకుండా చెదిరిపోతుంది. ఈ ఒక్క లెక్కలోనే మల్టీఫోకల్ మంచీ చెడూ మొత్తం ఇమిడి ఉన్నాయి. దగ్గరి చూపు వచ్చింది ఈ పంపకం వల్లే, రాత్రి దీపాల చుట్టూ వలయాలు వచ్చిందీ ఈ పంపకం వల్లే.

పరిశోధన ఏమంటోంది? మోనోఫోకల్‌నీ మల్టీఫోకల్‌నీ పోల్చిన యాదృచ్ఛిక పరీక్షలన్నిటినీ కాక్రేన్ సంస్థ 2016లో ఒకచోట చేర్చి తూచింది. 20 పరీక్షలు, 2230 మంది. జోడు లేకుండా దూరపు చూపులో రెండు రకాలకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే ఖరీదైన లెన్స్ వేయిస్తే దూరం ఇంకా బాగా కనపడుతుందనుకునేవాళ్లకి ఇక్కడ నిరాశే. దగ్గరి చూపులో మల్టీఫోకల్‌ది స్పష్టంగా పైచేయి. జోడు మీద ఆధారపడే అవకాశం మోనోఫోకల్ వాళ్లతో పోలిస్తే 37 శాతం తగ్గింది. ఆ పక్కనే రెండో పద్దు: దీపాల చుట్టూ వలయాలు కనపడే అవకాశం మూడున్నర రెట్లు, కళ్లు చెదరడం దాదాపు ఒకటిన్నర రెట్లు. లేత బూడిద రంగు గోడ మీద తెల్లటి స్విచ్చులాంటిది, అంటే రంగు తేడా తక్కువగా ఉన్నచోట అంచుని పోల్చుకునే శక్తి కూడా కొంత తగ్గుతుంది. పగలు, మంచి వెలుతురులో ఈ తగ్గుదల చాలామందికి తెలియనే తెలియదు.

తరవాత వచ్చిన ట్రైఫోకల్ తెచ్చిన అసలు మేలు మధ్య దూరంలో ఉంది. పాత బైఫోకల్‌తో ఎదుటి మనిషీ కనపడేవాడు, చేతిలో పుస్తకమూ కనపడేది. ఈ రెంటి నడుమ, మోచేతికి కాస్త అవతల, ఒక మసక పల్లం ఉండేది. కంప్యూటరు తెర, కొట్లో కాటా ముల్లు, కుట్టు మిషను మీద గుడ్డ, పొయ్యి మీద పోపు గరిటె, మన పనుల్లో సగం ఆ పల్లంలోనే పడతాయి. పాన్ఆప్టిక్స్ 60 సెంటీమీటర్ల దగ్గర ఒక కేంద్రాన్ని, 40 దగ్గర ఇంకోదాన్ని పెట్టింది. ఈడాఫ్ రకం వేరే దారి పట్టింది. విడివిడి కేంద్రాలు కాకుండా దూరం నుంచి మధ్య దూరం దాకా స్పష్టతని సాగదీస్తుంది. వలయాల బాధ చాలా రకాల్లో తక్కువ. కానీ మందు సీసా మీది సన్నక్షరాలకి మాత్రం జోడు పెట్టుకోవాల్సి రావచ్చు. ఆ సంగతి ముందే చెప్పి వేస్తే ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఈ పరీక్షల్లో పెద్ద భాగం యూరప్‌లో జరిగాయి. దగ్గరి చూపు కొలిచింది ఎక్కువగా రోమన్ అక్షరాల చార్టులతో. తెలుగు అచ్చు కంటికి పెట్టే పరీక్ష వేరు. ప, ష, వ, మ మధ్య తేడా ఒక చిన్న గీతో కొమ్మో. అడుగున ఒత్తు, పైన గుడి, పక్కన సున్న, అన్నీ ఒకే అంగుళంలో కిక్కిరిసి ఉంటాయి. పంచాంగంలో తిథుల పట్టీ, పట్టాదారు పాస్‌బుక్‌లో సర్వే నెంబర్ల కింద సన్నటి వివరం చదవగలిగితేనే చదవగలిగినట్టు. ఆపరేషన్ అయ్యాక గోడ మీది ఇంగ్లీషు అక్షరాలు 6/6 వరకూ చదివించి "బ్రహ్మాండంగా ఉంది" అనడం సగం పరీక్షే. ఆ మనిషి రోజూ చదివే కాగితాన్నే, ఇంట్లో ఉండేంత వెలుతురులో, చేతికిచ్చి చూడాలి. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల తెలుగు దగ్గరి చూపు చార్టు ఉంటుంది. దాన్ని మూడు నెలల తరవాత కూడా వాడి, ఆ ఫలితాన్ని రాసి పెట్టుకుంటే మన ప్రాంతానికి మన లెక్క దొరుకుతుంది.

రాత్రి సంగతి. రాజమహేంద్రవరం నుంచి కోరుకొండ మీదుగా గోకవరం, ఏజెన్సీ వైపు పోయే రోడ్డు మీద చీకటిపడ్డాక బండి నడిపినవాళ్లకి తెలుసు. ఎదురొచ్చే లారీవాడు లైట్లు డిమ్ చేయడు, అంచున నడిచే మనిషికి ఒంటి మీద తెల్లబట్ట కూడా ఉండదు. మల్టీఫోకల్ ఉన్న కంటికి ఆ లారీ లైటు చుట్టూ ఒకటో రెండో కాంతి వలయాలు కనపడతాయి. వలయం వెనక ఉన్న మనిషి ఆలస్యంగా కనపడతాడు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది గనక ఇది పగటి కంటే ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ మెదడు ఈ వలయాలను పట్టించుకోవడం మానేస్తుంది. పోర్చుగల్‌లోని కొయింబ్రా పరిశోధకులు 2017లో ప్రచురించిన పనిలో ఎంఆర్ఐతో మెదడుని చూశారు. ఆపరేషన్ అయిన మూడు వారాలకి వెలుగు చెదిరినప్పుడు శ్రద్ధకి సంబంధించిన భాగాలు ఎక్కువ కష్టపడుతున్నాయి, ఆరు నెలలకి అవి సర్దుకున్నాయి. చాలామందికి ఆ సర్దుబాటు చాలు. రాత్రిళ్లు లారీ, ఆటో, బస్సు నడిపి బతికేవాళ్లకి ఆరు నెలలు ఆగే తీరిక ఉండదు, తప్పు చేసే వీలూ ఉండదు. వాళ్లకి మోనోఫోకలే సరైనదని నా అభిప్రాయం.

మెట్ల విషయంలో మాత్రం వాదన అటూ ఇటూ ఉంది. కోరుకొండ లక్ష్మీనరసింహస్వామి గుడికి నిటారుగా వందల మెట్లు. ఫాల్గుణంలో కల్యాణం రోజుల్లో డెబ్బై ఏళ్లవాళ్లు కూడా ఎక్కుతారు, దిగేసరికి పొద్దు వాలుతుంది. మోనోఫోకల్ వేయించుకున్న చాలామంది, చదివే జోడు వేరుగా ఎందుకని, పైన దూరం కింద దగ్గర ఉండే బైఫోకల్ అద్దాలు రోజంతా పెట్టుకుంటారు. మెట్టు దిగేటప్పుడు కాలి దగ్గరికి చూస్తే చూపు అద్దంలోని కింది భాగం గుండా పోతుంది. ఆ భాగం 40 సెంటీమీటర్లకి, మెట్టు మీటరున్నర కింద. అంచు మసక, లోతు తప్పు. 2002లో ఆస్ట్రేలియాలో స్టీఫెన్ లార్డ్ బృందం వృద్ధుల మీద చేసిన అధ్యయనంలో ఇలాంటి అద్దాలు పెట్టుకునేవాళ్లు పడిపోయే అవకాశం రెట్టింపు దాటింది. ఈ లెక్కన జోడే అక్కర్లేని మల్టీఫోకల్ మనిషి మెట్ల మీద సుఖపడాలి. కానీ సంజె వెలుతురులో బూడిద రంగు రాతిమెట్టు అంచుని పోల్చుకోవడానికి కావలసిన శక్తి, అతనికి తగ్గిన శక్తి ఒకటే. దీనికి తేలికైన దారి ఒకటుంది. మోనోఫోకల్ వేయించుకుని, చదివే జోడు వేరుగా జేబులో ఉంచుకుని, మెట్లు దిగేటప్పుడు ముక్కు మీద ఏదీ లేకుండా దిగడం. అన్నిటికంటే చవకైన ఈ సలహా కౌన్సెలర్ బల్ల దగ్గర ఎవరూ ఇవ్వరు.

ఎవరి కంటికి మల్టీఫోకల్ పడదో వైద్యుల్లో దాదాపు ఏకాభిప్రాయం ఉంది. పంచిన వెలుతురు తీసుకునే రెటీనా బలంగా ఉండాలి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకి, రెటీనా నడిమి భాగమైన మాక్యులా అరిగినవాళ్లకి, నీటికాసులు ముదిరినవాళ్లకి వెలుతురులో ప్రతి వంతూ విలువైనదే, పంచడానికి మిగులు లేదు. షుగర్ ఇప్పుడు పల్లెల్లో కూడా ఇంటింటి సంగతి. ఇవాళ రెటీనా బాగానే ఉన్నా పదేళ్ల తరవాత ఎలా ఉంటుందన్నది లెక్కలోకి రావాలి. కన్ను పొడిబారినా ఇబ్బందే, ఎందుకంటే కన్నీటి పొర చెదిరితే మల్టీఫోకల్ చూపు మోనోఫోకల్ కంటే ముందు పాడవుతుంది. ఎండలో, దుమ్ములో ఏళ్లపాటు పొలం పని చేసినవాళ్లలో నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మనకి కొత్త కాదు. అది నల్లగుడ్డు వంపుని మారుస్తుంది. ముందు దాని సంగతి తేల్చి, వంపు నిలకడ పడ్డాక కొలతలు తీయాలి.

కొలతల దగ్గరే చాలా ఫలితాలు గెలుస్తాయి, ఓడతాయి. కంటి పొడవు కొలవడంలో మిల్లీమీటరులో పదో వంతు తప్పితే లెన్స్ పవర్‌లో పావు పైగా తేడా వస్తుంది. మోనోఫోకల్‌లో ఆ తేడాని కళ్లజోడు సర్దేస్తుంది, మనిషి ఎలాగూ జోడుకి సిద్ధపడే ఉన్నాడు. జోడు వద్దని లక్ష ఖర్చుపెట్టినవాడికి అర పాయింటు సిలిండర్ మిగిలినా అది ఓటమే. నెదర్లాండ్స్‌లో 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మల్టీఫోకల్ వేయించుకుని అసంతృప్తితో తిరిగి వచ్చిన 49 మందివి 76 కళ్లు పరీక్షించారు. ఎక్కువమంది బాధ వలయాలు కాదు, మసక. కారణాల్లో ముందున్నవి మిగిలిపోయిన పవర్, లెన్స్ వెనక సంచి మసకబారడం, పెద్ద కంటిపాప. 84 శాతం కళ్లకి చిన్న సవరణలతో దారి దొరికింది, లెన్స్ మార్చాల్సి వచ్చింది మూడింటికే. ఆపరేషన్ చేసే చెయ్యి ఎంత ముఖ్యమో, ముందురోజు కొలత తీసే యంత్రమూ, దాన్ని పట్టుకునే టెక్నీషియనూ అంతే ముఖ్యం. లెన్స్ కంపెనీ పేరు అడిగే ముందు కొలతలు తీసే గది గురించి అడగాలి.

జోడు తగ్గించుకోవడానికి మల్టీఫోకలే దారి కాదు. రెండు కళ్లకీ మోనోఫోకలే వేసి, ఒకటి దూరానికి, రెండోది కాస్త దగ్గరికి కుదర్చడాన్ని మోనోవిజన్ అంటారు. వెలుతురు పంచే పని లేదు, ధర మామూలుదే. లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి వైద్యులు 212 మందిని రెండు గుంపులు చేసి ఈ రెంటినీ నేరుగా పోల్చి 2013లో ఫలితం ప్రకటించారు. జోడు అసలు వాడనివాళ్లు మల్టీఫోకల్‌లో 71 శాతం, మోనోవిజన్‌లో 26 శాతం. మల్టీఫోకల్ గెలిచిందనే చెప్పాలి. అయితే ఏడాదిలోపు మల్టీఫోకల్ గుంపులో ఆరుగురు లెన్స్ తీయించుకున్నారు, మోనోవిజన్‌లో ఒక్కరూ లేరు. పైగా అక్కడ రెండో కంటిని 80 సెంటీమీటర్ల చుట్టూ కుదిర్చారు. ఆ దూరంలో పుస్తకం చదవడం కష్టమే, ఇంటి పని, కొట్టు పని, ఫోన్లో నెంబరు చూసుకోవడం సాగుతాయి. రోజంతా జోడు వద్దు, పుస్తకానికి పెట్టుకుంటాను అనేవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లకి ఈ దారి గురించి చెప్పకపోవడం అన్యాయం.

మామూలు లెన్స్ గురించి ఎందుకంత పట్టింపు అంటే, ఈ ప్రాంతంలో కంటి వైద్యం ఎక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందో మరచిపోకూడదు గనక. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించారు. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌తో పాటు కలిగిన పల్లెలకి ప్రతినిధిగా పశ్చిమ గోదావరిని తీసుకున్నారు. మొత్తం మీద నూటికి దాదాపు ఇద్దరు అంధులు, వాళ్లలో పెద్ద భాగానికి కారణం శుక్లమూ, సరైన అద్దాలు లేకపోవడమూ. అదే దశాబ్దంలో, 1985 ఎయిరిండియా విమాన విస్ఫోటంలో భార్యనీ ఇద్దరు బిడ్డలనీ పోగొట్టుకున్న డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్ కెనడాలో ఉద్యోగం వదిలి వచ్చి, 1993లో కాకినాడ దగ్గర శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి పెట్టారు. కొడుకు పేరు మీదే ఆ ఆసుపత్రి. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అక్కడా, ఇంకా ఇలాంటి చోట్లా పల్లెల నుంచి బస్సుల్లో తెచ్చి ఉచితంగా ఆపరేషన్ చేసి పంపినవాళ్లకి పెట్టేది మోనోఫోకలే. దాన్ని "చవక లెన్స్" అని కౌన్సెలింగ్ గదుల్లో చులకన చేయడం నాకు బాధ కలిగిస్తుంది. దూరపు చూపులో, రాత్రి చూపులో దాన్ని మించింది ఇంకా రాలేదు. ఉచిత ఆపరేషన్ అయినవాళ్లకి నిజంగా లోటుపడుతున్నది మల్టీఫోకల్ కాదు, నెల తిరిగాక కొలిచి ఇవ్వాల్సిన చదివే జోడు. అది అందక బియ్యం ఏరడం కోడలికి అప్పగించి కూర్చున్న అత్తలున్నారు.

మల్టీఫోకల్ ఎవరికి పెట్టాలి? కళ్లు ఆరోగ్యంగా ఉండి, పగటి పని ఎక్కువై, దూరం, బల్ల, చేతి దూరం మూడిటి మధ్యా క్షణక్షణం చూపు మార్చాల్సినవాళ్లకి. బడి పంతులు, బట్టల కొట్టు యజమాని, కుట్టుపని చేసే ఆవిడ, వంటలు చేసేవాళ్లు. జోడు పెట్టడం, తీయడం వాళ్లకి రోజూ వందసార్ల పని. రాత్రి వలయాలు ఉంటాయని ముందే విని, పర్వాలేదనుకున్నవాళ్లు ఈ లెన్స్‌తో బాగా సంతోషంగా ఉంటారు. రెండు కళ్లకీ వేస్తేనే దీని పూర్తి లాభం వస్తుంది. అయినా మొదటి కంటికి వేసి కొన్ని వారాలు ఆగి, రాత్రి ఒకసారి రోడ్డు మీదికి వెళ్లి చూసుకుని, రెండో కంటి లెన్స్ అప్పుడు తేల్చుకోవడం మేలు. తొందరపెట్టే ఆసుపత్రిలో ఈ వ్యవధి అడిగి తీసుకోవాలి.

వేయించుకున్నాక నచ్చకపోతే ఒక్క జాగ్రత్త. నెలల తరవాత చూపు మసకేస్తే లెన్స్ వెనక సంచి తెల్లబారిందని యాగ్ లేజర్‌తో దానికి రంధ్రం చేస్తారు. రెండు నిమిషాల పని, చాలామందికి అక్కడితో బాగవుతుంది. కానీ ఆపరేషన్ అయిన మొదటి రోజు నుంచే చూపు నచ్చలేదంటే, కారణం సంచి కాకపోవచ్చు, లెన్సే కావచ్చు. లేజర్ చేశాక ఆ సంచి చిరిగి ఉంటుంది గనక లెన్స్ మార్చడం చాలా కష్టమవుతుంది, ప్రమాదం పెరుగుతుంది. అందుకని మొదటి రోజు నుంచీ బాధ ఉన్నవాళ్లు లేజర్‌కి ఒప్పుకునే ముందు, మిగిలిన పవర్, కన్నీటి పొర, రెటీనా అన్నీ చూపించుకుని, లెన్స్ మార్చే అవసరం లేదని తేలాకే లేజర్ ముందు కూర్చోవాలి. వేసిన లెన్స్ పేరు, పవర్ ఉన్న స్టిక్కర్ కార్డు ఆసుపత్రి వాళ్లు ఇస్తారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదట అడిగేది అదే, కాబట్టి ఆధార్ కార్డు పెట్టిన సంచిలోనే దాన్ని కూడా పెట్టుకోవాలి.